విదేశాల్లో హింసకు గురవుతున్న విశ్వాసులకు మన సంఘాలు తోడ్పడవలసిన పద్ధతి

కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతాల్లోని పాత సంఘాలు చాలావరకు లండన్ మిషనరీ సొసైటీ సేవ వల్ల ఏర్పడినవి. ఈ నేలను ఒక్కసారైనా చూడని మనుషులు ఇంగ్లండులో వేసిన చిన్న చిన్న కానుకలతో ఇక్కడ బడులు లేచాయి, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి నడిచింది. ఇప్పుడు ఇచ్చే వంతు మనది. క్రీస్తును నమ్మినందుకు ఇల్లూ ఉపాధీ, కొన్నిచోట్ల ప్రాణమూ పోగొట్టుకుంటున్న వారి మధ్య పనిచేసే సేవకులకు అండగా నిలవాలన్న కోరిక మన సంఘాల్లో గట్టిగానే ఉంది. అయితే ఆ కోరికకు తగిన పద్ధతి ఇంకా ఏర్పడలేదు. ఆవేశంలో చేసిన సాయం, ఎవరికి చేశామో వారికే ముప్పు తెచ్చిపెట్టే సందర్భాలు ఈ సేవలో ఎక్కువ గనుక, సంఘ పెద్దలకూ యవనస్థుల కూటాలకూ ఉపయోగపడేలా ఈ వివరాలు రాస్తున్నాను.

మొట్టమొదట ఒక దేశాన్ని ఎంచుకుని, కనీసం ఒక సంవత్సరం పాటు దానినే పట్టుకోండి. హింస అన్నిచోట్లా ఒకే రూపంలో ఉండదు, అందువల్ల అవసరమూ ఒకేలా ఉండదు. తూర్పు ఆఫ్రికాలోని ఎరిట్రియా దేశంలో 2002 మే నెలలో ప్రభుత్వం ఆర్థడాక్స్, కాథలిక్, లూథరన్ సంఘాలను మాత్రమే గుర్తించి మిగిలిన సంఘాలన్నిటినీ మూయించింది; ఆ తర్వాత ఇళ్లలో కూడుకుని ప్రార్థించినవారిని విచారణ లేకుండా ఏళ్ల తరబడి నిర్బంధించారు, కొందరిని సరుకు రవాణా చేసే ఇనుప కంటైనర్లలో ఉంచారు. అక్కడ బయటి వారు చేయగలిగింది, దేశం విడిచి వచ్చిన కుటుంబాలను ఆదుకోవడం, ఖైదీల విషయం మరుగున పడకుండా చూడడం. పాకిస్తాన్‌లో సమస్య వేరు. అక్కడి శిక్షాస్మృతిలోని 295-సి సెక్షన్ కింద దైవదూషణ ఆరోపణ వస్తే, తీర్పు రాకముందే మూక ఊరి మీద పడుతుంది. 2023 ఆగస్టు 16న జరాన్‌వాలాలో అనేక చర్చీలు, క్రైస్తవుల ఇళ్లు తగలబడింది అటువంటి ఆరోపణ వల్లనే. అక్కడ కావలసింది న్యాయవాది ఫీజు, తలదాచుకునే చోటు, ఇటుక బట్టీల్లో అప్పుకు కట్టుబడిన కుటుంబాల విడుదల. నైజీరియా ఉత్తర, మధ్య రాష్ట్రాల్లో సాయుధ ముఠాల దాడులకు ఊళ్లు ఖాళీ చేసి శిబిరాల్లో ఉంటున్న రైతులకు తిండిగింజలు, విత్తనాలు, విధవరాండ్రకు బతుకుతెరువు కావాలి. మనం ఏమి ఇవ్వదలిచామన్నది కాక, వారు ఏమి అడుగుతున్నారన్నదే లెక్కలోకి రావాలి.

దేశాన్ని ఎంచుకున్నాక, వార్తను సరిచూసుకునే అలవాటు చేసుకోవాలి. అఫ్ఘానిస్తాన్‌లో 22 మంది మిషనరీలను రేపు ఉరి తీస్తున్నారు, వెంటనే పది మందికి పంపండి అన్న సందేశం మన వాట్సాప్ బృందాల్లోనూ చాలామంది చూసే ఉంటారు. అది ఏళ్ల తరబడి తిరుగుతున్న అబద్ధపు వార్త. 2007లో దక్షిణ కొరియా సంఘానికి చెందిన 23 మందిని తాలిబన్లు ఎత్తుకుపోవడం, వారిలో ఇద్దరిని చంపడం, మిగిలిన వారు విడుదల కావడం నిజంగా జరిగింది. ఆ జ్ఞాపకం మీదే ఈ వదంతి బతుకుతోందని నా అభిప్రాయం. ఉపవాస కూటంలో ఒక వార్త చదివే ముందు తేదీ, ఊరు, చెప్పినవారు ఎవరు అన్న మూడు సంగతులు లేకపోతే చదవకండి. క్రైస్తవులపై హింస ఎక్కువగా ఉన్న 50 దేశాల జాబితాను ఏటా జనవరిలో వెలువరించే ఓపెన్ డోర్స్ సంస్థ, 1947లో మొదలైన కాథలిక్ సంస్థ ఎయిడ్ టు ద చర్చ్ ఇన్ నీడ్ ఇచ్చే సమాచారంతో పోల్చి చూడడం మంచిది. చంపుతున్న దృశ్యాల వీడియోలను మందిరంలో వేయవద్దు. 2015లో లిబియా సముద్రతీరంలో ఈజిప్టులోని పురాతన కాప్టిక్ సంఘపు విశ్వాసులు 20 మందీ, ఘనా దేశస్థుడొకరూ హతసాక్షులైన సంగతిని సండే స్కూలు పిల్లలకు చెప్పవచ్చు. చంపినవాళ్లు తీసిన చిత్రాన్ని చూపవలసిన పని లేదు.

డబ్బు విషయం కొంత విపులంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మంచి మనసుతో మొదలైన పని ఇక్కడే చిక్కుల్లో పడుతుంది. రిజర్వు బ్యాంకు వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము ప్రకారం, మన దేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు విదేశానికి పంపవచ్చు. విరాళం అందులో అనుమతి ఉన్న ప్రయోజనమే. బ్యాంకులో పాన్ నంబరు ఇచ్చి, ఫారం ఏ2 నింపి, ప్రయోజనం దగ్గర విరాళమని ఉన్నదున్నట్టు రాయాలి. ఈ వీలు వ్యక్తికే గాని ట్రస్టుకూ సొసైటీకీ లేదు. కనుక ఆదివారపు కానుకలన్నీ కోశాధికారి సొంత ఖాతాలో వేసి ఆయన పేరిట పంపడం, ఎంత నిజాయితీగా చేసినా, సరైన పద్ధతి కాదు. పంపదలచినవారు ఎవరి ఖాతా నుండి వారే, తమ సొంత సొమ్మును, ఆ దేశంలో చట్టబద్ధంగా నమోదైన సంస్థకు పంపాలి. ఆ సొమ్ముకు ఇక్కడ ఆదాయపు పన్ను మినహాయింపు రాదని ముందే తెలుసుకోవాలి. సంఘానికి విదేశీ విరాళాల ఖాతా ఉంటే దాని జోలికి అసలు పోవద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో జరిగిన సవరణ తర్వాత ఆ నిధిని మరొకరికి బదిలీ చేయడం నిషిద్ధం. గల్ఫ్ డబ్బు వచ్చే ఊళ్లలో హవాలా మనుషులు సులువుగా దొరుకుతారు. సేవ పేరుతో ఆ దారి తొక్కితే చట్టం ముందు దోషులం కావడమే కాక, అవతల సొమ్ము అందుకున్న విశ్వాసి మీద కూడా నేరం మోపుతారు.

సంఘం మొత్తం కలిసి ఇవ్వాలనుకుంటే ఇంకొక చక్కని మార్గముంది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక చిన్ రాష్ట్రం నుండి వేలాది మంది మిజోరంకు తరలివచ్చారు. వారిలో అత్యధికులు క్రైస్తవులు. అది కేవలం మతం కోసం జరుగుతున్న పోరు కాదు, కాని అక్కడ చర్చీలు తగలబడ్డాయి, పాస్టర్లు ప్రాణాలు కోల్పోయారు. వారిని ఆదుకుంటున్న మిజో సంఘాలు మన దేశంలోనివే గనుక, విదేశీ మారకం చిక్కు లేకుండా, రూపాయల్లోనే, రసీదుతో ఇవ్వవచ్చు. ఆ మిజో స్త్రీలు వంట చేసే ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి సంఘం కోసం వేరే డబ్బాలో వేస్తారు. మన స్త్రీల సమాజాల్లోనూ పిడికెడు బియ్యం అలవాటు ఉన్నదే. వంటగదిలో స్టవ్ పక్కనే మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి, నెలలో ఒక ఆదివారం అందరి బియ్యం మందిరంలో గోనెసంచిలో పోసి, తూకం వేసి, అక్కడికక్కడే వేలం పాడి, వచ్చిన మొత్తాన్ని పుస్తకంలో రాసి ఇద్దరు పెద్దలు సంతకం చేయాలి. కోత పండుగ వేలంలో వచ్చే శనగలు, పసుపు, గుమ్మడికాయల సొమ్ములో కొంత భాగాన్ని ఇదే పద్దుకు కేటాయించవచ్చు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందాను ఒక్కడే మోసుకుపోలేదు. ఎవరూ తప్పుపట్టకూడదని సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట ఉంచుకున్నాడు. అపొస్తలుడికే అంత జాగ్రత్త అవసరమైతే మనకు రసీదు అడగడంలో మొహమాటం ఎందుకు?

మౌనం పాటించవలసిన విషయంలో మన వాళ్లకు శిక్షణ తక్కువ. రాజంపేట, రాయచోటి వైపు నుండి కువైట్‌కు, సౌదీకి పనికి వెళ్లిన అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. కువైట్‌లో గుర్తింపు పొందిన చర్చీలున్నాయి, తెలుగువారి ఆరాధనలూ జరుగుతాయి. సౌదీలో బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. అక్కడ ఒక గదిలో నలుగురు కూడుకుని పాడుకున్న పాటను ఎవరో ప్రేమతో మనకు పంపితే, దాన్ని సంఘం ఫేస్‌బుక్ పేజీలో పెట్టడం వల్ల వారి వీసా, జీతం, కొన్నిసార్లు స్వేచ్ఛ కూడా పోవచ్చు. పేరు, ముఖం, ఊరు, వెనుక గోడ మీది బోర్డు, ఏవీ బయటపడకూడదు. ప్రార్థనా పత్రికలో ఒక సహోదరి అని రాస్తే చాలు. దేవునికి ఆమె పేరు తెలుసు. మతం మారినవారి సాక్ష్యాన్ని వారు స్వయంగా, వ్రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వినిపించకండి. పర్యాటక వీసా మీద వెళ్లి కరపత్రాలు పంచి రావాలనుకునే యువకులను కూడా పెద్దలు గట్టిగా ఆపాలి. వీరు వారం తర్వాత విమానమెక్కుతారు, ఆ ఊరి విశ్వాసి పోలీసులకు సమాధానం చెప్పుకుంటూ మిగిలిపోతాడు.

ఇంకొక మాట. కడపలో, కర్నూలులో మన ఇరుగుపొరుగు ముస్లిం కుటుంబాలు ఎన్నో. పాకిస్తాన్ కోసం ప్రార్థించే రోజున మన నోట వారి పట్ల ద్వేషం రాకూడదు. దైవదూషణ ఆరోపణ మీద 2010లో మరణశిక్ష పడిన పాకిస్తాన్ క్రైస్తవ స్త్రీ ఆసియా బీబీ పక్షాన మాట్లాడి 2011 జనవరిలో ప్రాణం పోగొట్టుకున్న ఆ దేశపు పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్ ముస్లిం. ఆమె కేసు వాదించిన న్యాయవాది సైఫుల్ ములూక్ ముస్లిం. 2018 అక్టోబరు 31న ఆమెను నిర్దోషిగా విడుదల చేసిన న్యాయమూర్తులూ ముస్లింలే. ఈ సంగతిని ప్రార్థనకు ముందు తప్పకుండా చెప్పండి.

ఖైదీలకు ఉత్తరాలు రాయడం చిన్న పనిగా కనిపించినా విలువైనది. కుటుంబం ఒప్పుకుని, బాధ్యత గల సంస్థ ప్రకటించిన చిరునామాకే రాయాలి. ఉత్తరాన్ని జైలు అధికారి ముందుగా చదువుతాడని గుర్తుంచుకుని, ప్రభుత్వాన్ని గాని మతాన్ని గాని విమర్శించకుండా, ఏ సంస్థ పేరూ ఎత్తకుండా, సులువైన ఇంగ్లీషులో నాలుగైదు వాక్యాలు రాసి, పిల్లలు వేసిన బొమ్మ ఒకటి జతచేయవచ్చు. డబ్బు పెట్టకూడదు. మీ ఇంటి చిరునామా కూడా రాయవద్దు. జవాబు రాకపోవచ్చు, అయినా నవంబరు మొదటి ఆదివారం, హింసింపబడుతున్న సంఘం కోసం అనేక దేశాల్లో ప్రార్థించే రోజున, అదే వ్యక్తికి మళ్లీ రాయండి.

సాయం పంపుతున్న సంస్థ నుండి ఏడాదికి రెండుసార్లయినా ఖర్చుల వివరం రావాలి. ప్రాంతం, పేర్లు దాచి ఉంచడం న్యాయమే, మొత్తాలు దాచడం న్యాయం కాదు. అడిగినా లెక్క రాకపోతే పంపడం ఆపి, ఆ నిర్ణయాన్ని సంఘ సర్వసభ్య సమావేశంలో కారణంతో సహా నమోదు చేసి, అదే దేశంలో పనిచేస్తున్న మరొక సంస్థను వెదకండి.