బిడ్డను సీడబ్ల్యూసీకి అప్పగించారా? తిరిగి ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

కొట్టి గాయపరచడం, పనిలో పెట్టడం, అడుక్కోవడానికి పంపడం, వయసు రాకముందే పెళ్లి ఖాయం చేయడం, పట్టించుకోకుండా వదిలేయడం వంటివి తెలిస్తే పోలీసులుగానీ బాలల సహాయ నంబర్ 1098 సిబ్బందిగానీ బిడ్డను బాలల సంక్షేమ కమిటీ, అంటే సీడబ్ల్యూసీ ముందు హాజరుపరుస్తారు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో ఇది జరగాలి.

ముందుగా, స్టేషన్లో గొడవపడి సమయం పోగొట్టుకోకండి. బిడ్డను తిరిగి ఇచ్చే అధికారం కమిటీది. బిడ్డను ఏ హోంలో ఉంచారో, తర్వాతి వాయిదా ఎప్పుడో కమిటీ దగ్గరే అడిగి రాసుకోండి. కమిటీ కూర్చోని రోజున ఒక్క సభ్యుడి ముందైనా బిడ్డను హాజరుపరచవచ్చు. తుది నిర్ణయానికి మాత్రం కనీసం ముగ్గురు ఉండాలి. మొదటి రోజే బిడ్డ చేతికి రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

జనన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, టీకాల కార్డు పట్టుకెళ్లండి. విడాకుల కేసుంటే కస్టడీ ఉత్తర్వు కూడా. జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్స్ చూపిస్తే చాలు.

అసలు కీలకం సామాజిక విచారణ నివేదిక. దీన్ని 15 రోజుల్లో పూర్తి చేయాలి. విచారణకు వచ్చినవాళ్లు ఇల్లు చూస్తారు, ఇరుగుపొరుగునూ టీచర్‌నూ అడుగుతారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఆధార్‌లో పాత చిరునామా, ఇంటికి తాళం, ఫోన్ స్విచ్ఆఫ్. ఇంకేముంది, తల్లిదండ్రులు దొరకలేదని రాసేస్తారు. ప్రస్తుత చిరునామా, రెండు ఫోన్ నంబర్లు రాసివ్వండి. "మా బిడ్డను మేం బాగానే చూసుకుంటాం" అన్న మాట ఒక్కటే సరిపోదు. బిడ్డను ఏ కారణంతో తీసుకెళ్లారో దానికి జవాబు చూపాలి. తాగుడు సమస్యైతే చికిత్స కాగితాలు. పనికెళ్లినప్పుడు చూసేవాళ్లు లేకపోతే, ఇకపై చూసుకునే అమ్మమ్మనో అత్తనో వెంటబెట్టుకెళ్లండి.

చదవకుండా సంతకం పెట్టొద్దు. అది బిడ్డను వదులుకునే పత్రమైతే మనసు మార్చుకోవడానికి 2 నెలలే గడువు. ఎవరూ రాకపోతే రెండేళ్లలోపు బిడ్డను 2 నెలల్లో, ఆపై వయసువారిని 4 నెలల్లో దత్తతకు అర్హులుగా ప్రకటించే వీలుంది.

ఆవేశంలో బిడ్డ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. గుర్తింపు బయటపెట్టడం ఇదే చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

తుది ఉత్తర్వు 4 నెలల్లో రావాలి. పర్యవేక్షణ షరతుతో బిడ్డను ఇంటికి పంపడమూ ఉంటుంది. ఇబ్బంది డబ్బుదే అయితే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో స్పాన్సర్‌షిప్‌కు, అంటే బిడ్డ పోషణకు ఇచ్చే నెలవారీ సాయానికి దరఖాస్తు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద అర్హులకు నెలకు రూ.4,000. ఉత్తర్వు నచ్చకపోతే నకలు తీసుకుని 30 రోజుల్లో బాలల కోర్టులో అప్పీలు వేయాలి. తల్లి వేసేటట్లయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగానే ఇస్తుంది.