సలేశ్వరం నడకకు పోతున్నారా? ఇవి చూసుకోండి

చైత్ర పౌర్ణమి వస్తోంది, నల్లమల అడవి లోయలో ఉన్న శివుడి గుడి సలేశ్వరానికి దారి తెరిచేది జాతర జరిగే ఆ కొద్ది రోజులే.

మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు మోయండి. లోయలో జలపాతం ఉందిగా అని ఖాళీ చేతులతో దిగితే, తిరిగి ఎక్కేటప్పుడు ఎండకు రాళ్లు కాలుతుంటే కళ్లు తిరుగుతాయి, ఆ రాళ్ల దారిలోకి అంబులెన్స్ రాదు.

స్టీల్ బాటిలే. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, ప్లాస్టిక్ నిషేధం.

అడవిలోకి వెళ్లే దారిలో మన్ననూరు ఫారెస్ట్ చెక్‌పోస్ట్ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది, తెరిచే వేళకే అక్కడుంటే ఎండ ముదరకముందే నడక సగమవుతుంది.

కొత్త బూట్లు వద్దు, పొక్కులొస్తాయి.

ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకండి. జాతర జనంలో విడిపోతే (మా బావ ఒకసారి 3 గంటలు టెన్షన్ పెట్టాడు) ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.