కాలి పుండు కోసి క్లీన్ చేసిన ప్రతిసారీ పెరుగుతోందా? పయోడెర్మా గాంగ్రెనోజమ్: సమస్య - పరిష్కారం

కాలి మీద చిన్న పొక్కు లేచి నాలుగు రోజుల్లో పుండైపోయి, యాంటీబయాటిక్స్ కోర్సు మీద కోర్సు వాడుతున్నా ఆగకుండా, పైగా క్లీన్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పెద్దదవుతుంటే మీకోసమే ఇది రాస్తున్నా. మా అమ్మకి సరిగ్గా ఇలాగే జరిగింది. మోకాలి కింద ముందు ఎముక మీద దోమ కుట్టినంత ఎర్ర పొక్కు, వారానికల్లా రూపాయి బిళ్ళంత పుండు, రెండుసార్లు థియేటర్‌లోకి తీసుకెళ్ళి చచ్చిన కండ అని కోసి తీసేశాక అరచెయ్యంత అయింది. మూడోసారి కోద్దాం అనుకుంటుండగా ఒక స్కిన్ డాక్టర్ వచ్చి చూసి, దయచేసి ఇక కత్తి పెట్టకండి అన్నారు. ఏడాదికి పది లక్షల మందిలో 3 నుంచి 10 మందికి వచ్చే జబ్బు ఇది, చాలామంది డాక్టర్లు మొత్తం సర్వీసులో ఒకటో రెండో కేసులు చూసి ఉంటారు. అందుకే వాళ్ళకి తట్టకపోయినా అడగాల్సిన ప్రశ్న మీ దగ్గర ఉండాలి.

ఇంకో మాట ముందే చెప్పేస్తా. జ్వరం వణుకు వచ్చి, ఎరుపు గంటగంటకీ పాకుతూ, చర్మం నల్లబడుతూ, నొక్కితే లోపల బుడగలు చిట్లుతున్నట్టు ఉంటే ఇది చదువుతూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. అది కండని తినేసే ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, దానికి ఆపరేషనే ప్రాణం కాపాడుతుంది. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటికీ వైద్యం పూర్తిగా రివర్స్, అందుకే ఇంట్లో కూర్చుని మనం తేల్చుకునే విషయం కాదు.

సమస్య: పుండు చూస్తే చిన్నది, నొప్పి మాత్రం తట్టుకోలేనంత

కారణం: ఇది క్రిముల వల్ల వచ్చింది కాదు, మన ఒంట్లో క్రిముల మీద పోరాడాల్సిన న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఏ శత్రువూ లేకుండానే చర్మంలోకి గుంపుగా వచ్చి దాన్నే కాల్చేస్తున్నాయి. పేరు మాత్రం పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది, పయోడెర్మా అంటే చీము పట్టిన చర్మం, గాంగ్రెనోజమ్ అంటే కుళ్ళిపోయేది, నిజానికి రెండూ కావు. 1930లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు బ్రన్‌స్టింగ్, గోకర్‌మన్, ఓలియరీ ఐదుగురు పేషెంట్లని చూసి ఇన్ఫెక్షనే అనుకుని ఆ పేరు పెట్టారు, ఆ ఐదుగురిలో నలుగురికి పెద్దపేగు పూత జబ్బు అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. పేరు అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ ఆ పేరు వినగానే ఇంట్లోవాళ్ళు కాలు తీసేస్తారేమో అని ఏడుస్తారు, మేమూ ఏడ్చాం.

ఎలా గుర్తుపట్టాలి: అంచు చూడండి. వంకాయ రంగులో ఉబ్బి ఉంటుంది, అంచు కింద లోపల బోలుగా ఉంటుంది, అంటే పైకి కనిపించే పుండు కంటే లోపలిది కాస్త పెద్దది, చుట్టూ ఎర్రగా ఉంటుంది, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టు ఉంటుంది. మామూలుగా చూసే సిరల పుండు ఎక్కువగా చీలమండ లోపలి వైపు వస్తుంది, చుట్టూ చర్మం గోధుమ రంగులో గట్టిపడి, కాలు వాచి, నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. షుగర్ పుండు ఎక్కువగా అరికాల్లో, చాలాసార్లు నొప్పే తెలీదు. మనం మాట్లాడుకునేది మాత్రం మోకాలి కింద ముందు వైపు రోజుల్లో పెరిగేది, నొప్పి విపరీతం. ఎప్పుడు పొక్కు వచ్చింది, ఎన్నో రోజుకి పగిలింది అని తేదీలతో రాసిపెట్టుకోండి, నాలుగు రోజుల్లోపు పుండు అయిందా అనేది డాక్టర్లు చూసే లిస్టులో ఒక పాయింట్.

సమస్య: కోసి శుభ్రం చేస్తే తగ్గాల్సింది పోయి పెరుగుతోంది

అన్నిటికంటే ముఖ్యమైన క్లూ ఇదే, మేము దీన్ని ఆరు వారాలు మిస్ అయ్యాం. చర్మానికి దెబ్బ తగిలినచోట, సూది గుచ్చినచోట, కోసినచోట జబ్బు కొత్తగా రేగుతుంది, దీన్ని పాథర్జీ అంటారు, పేషెంట్లలో పావు వంతు నుంచి మూడో వంతు మందిలో కనిపిస్తుంది. అందుకే అంచు నల్లగా ఉంది కదా అని కత్తెరతో కత్తిరిస్తే వారం తిరిగేసరికి కొత్త అంచు ఇంకో సెంటీమీటరు బయట తయారవుతుంది, అయ్యో ఇన్ఫెక్షన్ పాకింది అని మళ్ళీ కోస్తారు, మళ్ళీ పాకుతుంది. అమ్మ ఫైల్లో సర్జరీ ముందు, తర్వాత తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతి కోతకీ ఒక వంకాయ రంగు రింగు బయటికి జరిగినట్టు క్లియర్‌గా కనబడింది, ఆ ఫోటోలు చూసే స్కిన్ డాక్టర్ అనుమానించారు.

ఏం చేయాలి: కోసిన తర్వాత పెరిగింది అని మీకు అనిపిస్తే, మళ్ళీ కోసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది పయోడెర్మా గాంగ్రెనోజమ్ అయ్యే చాన్స్ ఉందా డాక్టర్ గారూ, స్కిన్ డాక్టర్‌కి ఒకసారి చూపిద్దామా?" గొడవ పడక్కర్లేదు, ఈ ప్రశ్న చాలు. చర్మం అతికించే గ్రాఫ్టింగ్ కూడా జబ్బు యాక్టివ్‌గా ఉన్నప్పుడు వద్దు, తొడ నుంచి చర్మం తీస్తే ఆ తీసినచోట కూడా కొత్త పుండు లేవొచ్చు.

సమస్య: కల్చర్ రిపోర్టులో (పుండు నుంచి తీసిన శాంపిల్‌లో క్రిములు పెరుగుతాయా అని చూసే పరీక్ష) క్రిమి వచ్చింది, మరి ఇన్ఫెక్షన్ కాదంటారేంటి?

తెరిచి ఉన్న ఏ పుండు మీదైనా కొన్ని రోజులకి క్రిములు వచ్చి కూర్చుంటాయి. పైపైన దూదితో తీసిన స్వాబ్‌లో క్రిమి దొరికినంత మాత్రాన పుండుకి అదే కారణం అయిపోదు. కానీ పయోడెర్మా మీద నిజంగా ఇన్ఫెక్షన్ కూడా చేరొచ్చు, అప్పుడు యాంటీబయాటిక్ కావాలి, అదీ వాడతారు. యాంటీబయాటిక్ రకం మార్చి మార్చి వారాలు గడిచినా పుండు తగ్గట్లేదంటే మాత్రం ఆలోచించాలి.

సమస్య: కోయొద్దంటూనే బయాప్సీ అంటున్నారు

న్యాయమైన డౌటే. దీన్ని కచ్చితంగా తేల్చే రక్తపరీక్ష లేదు, బయాప్సీలో న్యూట్రోఫిల్స్ గుంపు కనిపించినా అది ఈ ఒక్క జబ్బుకే సొంతం కాదు. బయాప్సీ అసలు పని మిగతావి కొట్టేయడం: రక్తనాళాల వాపు, క్యాన్సర్, ఫంగస్, టీబీ జాతి క్రిములు. అంచు దగ్గర చిన్న ముక్క తీసి సగం మైక్రోస్కోప్‌కి, సగం కల్చర్‌కి పంపుతారు. దానివల్ల పుండు కాస్త రేగే రిస్క్ ఉంది, కానీ తప్పు జబ్బుకి స్టెరాయిడ్ ఇస్తే జరిగే నష్టం అంతకంటే చాలా పెద్దది, కాబట్టి ఒప్పుకోండి. 2018లో నిపుణులు కలిసి తయారుచేసిన డెల్ఫీ క్రైటీరియాలో బయాప్సీ మెయిన్ పాయింట్, దానికి తోడు ఎనిమిది చిన్న పాయింట్లలో కనీసం నాలుగు ఉండాలి. ఇన్ఫెక్షన్ లేదని తేలడం, పాథర్జీ, పేగు పూత లేదా కీళ్ళవాతం హిస్టరీ, మందు మొదలెట్టిన నెలలోపు పుండు తగ్గడం, ఇలాంటివి.

సమస్య: కాలికి పుండు అయితే కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) ఎందుకు?

ఎందుకంటే దాదాపు సగం మందిలో లోపల ఇంకో జబ్బు ఉంటుంది. పేగు పూత జబ్బులు, అంటే అల్సరేటివ్ కొలైటిస్ లేదా క్రోన్స్, తర్వాత రుమటాయిడ్ ఆర్థరైటిస్, కొందరిలో రక్తానికి సంబంధించిన జబ్బులు. రక్తవిరేచనాలు, ఎడతెగని కడుపునొప్పి, పొద్దున లేవగానే కీళ్ళు పట్టేయడం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి ఉంటే, సిగ్గుపడకుండా స్కిన్ డాక్టర్‌కి చెప్పండి, ఆయన అడక్కపోయినా చెప్పండి. పుండుకి బదులు నీటి బుడగలు, రక్తం రంగు బొబ్బలు వస్తుంటే రక్తపరీక్షలు ఇంకా జాగ్రత్తగా చూస్తారు.

మందులు ఎలా పనిచేస్తాయి

పుండు చిన్నదైతే పూత మందుతోనే మొదలెడతారు, క్లోబెటాసాల్ 0.05 శాతం లేదా టాక్రోలిమస్ 0.1 శాతం ఆయింట్‌మెంట్, కొన్నిసార్లు అంచులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్. పూత మందు అంటే తేలిగ్గా తీసుకోవద్దు, బ్రిటన్‌లో చూసిన ఒక స్టడీలో పూత మందు వాడినవాళ్ళలో నూటికి దాదాపు 44 మందికి ఆరు నెలల్లో పూర్తిగా మానింది.

పెద్దదైతే, త్వరగా పెరుగుతుంటే, నోటి మందులు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ లేదా ఇమ్యూనిటీని అణిచే సైక్లోస్పోరిన్. ఈ రెండిట్లో ఏది బెటర్ అని బ్రిటన్‌లో స్టాప్ గ్యాప్ అనే ట్రయల్ చేశారు, 2015లో వచ్చింది, 121 మంది, ఒక గ్రూపుకి రోజుకి కిలో బరువుకి 0.75 మి.గ్రా ప్రెడ్నిసోలోన్, ఇంకో గ్రూపుకి 4 మి.గ్రా సైక్లోస్పోరిన్. ఆరు నెలలకి రెండు గ్రూపుల్లోనూ మానింది 47 శాతం మందికే. ఈ నంబర్ భయపెట్టడానికి చెప్పట్లేదు, నెలకి మానలేదని మందు ఆపేసి ఇంకో చోటికి పరిగెత్తేవాళ్ళు ఎక్కువ, నెలలు పట్టే జబ్బు ఇది అని ముందే మనసులో పెట్టుకోవాలి. రెండు మందుల ఫలితమూ ఒకటే కాబట్టి ఎంపిక మీ బీపీ, షుగర్, కిడ్నీలని బట్టి ఉంటుంది. స్టెరాయిడ్‌తో షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు పలచబడతాయి, సైక్లోస్పోరిన్‌తో కిడ్నీ, బీపీ చెక్ చేస్తూ ఉండాలి. స్టెరాయిడ్ మాత్రం నొప్పి తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపేయకండి, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే పడుకుని ఉంటుంది, ఠక్కున ఆపితే బీపీ పడిపోయి ప్రమాదం, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

వీటికి లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిమ్యుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి, పేగు పూత కూడా ఉన్నవాళ్ళకి రెండు పనులూ అవుతాయి. అవి మొదలెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బీ టెస్టులు తప్పనిసరి. డాప్సోన్ అనే ఇంకో మందు రాస్తే దానికి ముందు జీ6పీడీ అనే ఎంజైమ్ ఒంట్లో సరిపడా ఉందో చూసే రక్తపరీక్ష.

డ్రెస్సింగ్ దగ్గర జరిగే తప్పులు

మందు సరిగ్గా ఉన్నా డ్రెస్సింగ్ పాడుచేస్తుంది. మొదట్లో అమ్మకి పొడి గాజు గుడ్డ కట్టేవాళ్ళు, పొద్దునకి అది పుండుకి అతుక్కుపోయేది, ఠక్కున లాగితే కొత్తగా వచ్చిన గులాబీ రంగు చర్మం కూడా దానితో లేచి వచ్చి రక్తం చుక్కలు కట్టేది, అమ్మ మంచం పట్టీ రెండు చేతుల్తో పట్టుకునేది. అది కూడా పుండుకి దెబ్బే కదా, పాథర్జీ దానికీ వర్తిస్తుంది. తర్వాత నేర్చుకున్నాం, డ్రెస్సింగ్‌కి ముప్పావు గంట ముందు డాక్టర్ రాసిన నొప్పి మాత్ర, గుడ్డ మీద సెలైన్ పోసి పది నిమిషాలు నాననివ్వడం, అంచు నుంచి మెల్లగా తీయడం, తర్వాత అతుక్కోని సిలికాన్ పొర, దానిమీద తడి పీల్చే ఫోమ్. ప్లాస్టర్ చర్మానికి అంటించకుండా రోల్ బ్యాండేజ్‌తోనే ఆపాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, పసరు మందులు, ఇవేవీ వద్దు, గోకడం రుద్దడం అసలే వద్దు. కాలు వాచి ఉంటే ప్రెజర్ బ్యాండేజ్ మేలు చేస్తుంది, కాకపోతే కాలికి రక్తం బాగా వెళ్తోందని డాప్లర్ అనే స్కాన్‌తో చూసుకున్నాకే కట్టాలి.

సమస్య: మందు మొదలెట్టాం, పనిచేస్తోందో లేదో తెలీట్లేదు

సైజు చూసి నిరాశపడకండి, సైజు ఆఖర్న తగ్గుతుంది. ముందు నొప్పి తగ్గుతుంది, మాకు మొదటి గుర్తు అమ్మ రాత్రంతా పడుకోవడమే. తర్వాత అంచు వంకాయ రంగు వెలిసి, ఉబ్బు దిగుతుంది, ఆపైన అంచు నుంచి పుండు లోపలికి సన్నటి దారాల్లా కొత్త చర్మం పాకుతుంది, అది చూసిన రోజు చాలా ధైర్యం వస్తుంది. వారానికోసారి అదే వెలుతురులో పక్కన స్కేల్ పెట్టి ఫోటో తీయండి.

నెల దాటినా ఏ మార్పూ లేకపోతే డోసు పెంచమని అడిగే ముందు జబ్బు అదేనా అని మళ్ళీ చూడమనండి. మేయో క్లినిక్ వాళ్ళే 2002లో రాశారు, పయోడెర్మా అని పేరు పడ్డవాళ్ళలో దాదాపు 10 శాతం మందికి అసలు జబ్బు వేరే, రక్తనాళాల జబ్బులు, క్యాన్సర్, ఫంగస్ లాంటివి.

మానాక

జల్లెడలా చిల్లులు చిల్లులుగా ఉండే పలచని మచ్చ మిగులుతుంది, అది పోదు, దాన్ని తీయించుకోవాలని కూడా చూడకండి. స్టాప్ గ్యాప్‌లో మానినవాళ్ళలో దాదాపు 30 శాతం మందికి మళ్ళీ వచ్చింది, కాబట్టి కాలికి బల్ల అంచులు, మంచం కోళ్ళు తగలకుండా చూసుకోండి, కొత్త ఎర్ర పొక్కు కనిపిస్తే ఆ వారంలోనే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మోకాలి ఆపరేషనైనా, గాల్‌బ్లాడర్‌దైనా, ఏ సర్జరీకైనా ముందు సర్జన్‌కి ఈ జబ్బు పేరు చెప్పాలి, అవసరమైతే ఆపరేషన్ చుట్టూ కొన్ని రోజులు మందు కవర్ ఇస్తారు. అమ్మ ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి ఉంచాం: పయోడెర్మా గాంగ్రెనోజమ్ ఉంది, పుండు కోయొద్దు, ముందు స్కిన్ డాక్టర్‌కి ఫోన్ చేయండి.