బొటనవేలితో దూరం కొలవడం, అదే లెక్కతో కథ చదవడం

ఏ గొడవలో అయినా ఎవరో ఒకరు "ఎవరి నిజం వాళ్ళదిలే" అనేస్తారు, నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుద్ది. చూసే చోటు మారితే కనిపించేది మారుద్ది, ఒప్పుకుంటా, కానీ ఆ తేడాతోనే అసలు లెక్క కట్టొచ్చు. ఎలాగో చెప్తా, ముందు డాబా ఎక్కండి.

చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలు నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి, దూరంగా ఉన్న ఏదో ఒక చెట్టుకి వేలు అడ్డం పెట్టండి. ఇప్పుడు తలా చెయ్యీ కదపకుండా కన్ను మార్చండి, వేలు పక్కకి గెంతుద్ది. ఎంత గెంతిందో ఆ చెట్టు దగ్గరున్న వాటితో అంచనా వెయ్యాలి. పక్కన కారు ఆగి ఉంటే పని ఈజీ, మామూలు కారు దాదాపు 4 మీటర్లు ఉంటది కాబట్టి మూడు కార్లంత గెంతితే 12 మీటర్లు, దాన్ని 10తో గుణిస్తే 120, చెట్టు అంత దూరంలో ఉన్నట్టు. 10 ఎందుకంటే కంటి నుంచి వేలికి ఉన్న దూరం రెండు కళ్ళ మధ్య దూరానికి సుమారు పదింతలు. నేను మొదటిసారి మోచెయ్యి వంచేశా, వేలు దగ్గరకొచ్చి రెండింతలు గెంతింది, వీధి చివర వేపచెట్టు 240 మీటర్లని ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పి, తర్వాత అడుగులతో కొలిస్తే సగమే వచ్చి నవ్వులపాలయ్యా.

ఇక్కడ ఏ కన్నూ అబద్ధం చెప్పలా. కానీ ఏదో ఒక కన్నునే నమ్మినా, లేదా రెండిటికీ మధ్యలో ఉంటదిలే అని సర్దుకున్నా దూరం మాత్రం రాదు.

నక్షత్రాలకీ ఇదే పద్ధతి, కాకపోతే ఒక కన్ను ఇవాళ, రెండో కన్ను ఆరు నెలలాగి, ఈలోపు భూమి సూర్యుడికి అవతలి పక్కకి పోద్ది, మధ్యలో దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు. 16వ శతాబ్దంలో టైకో బ్రాహీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎంత చూసినా నక్షత్రాలు గెంతలేదు, కాబట్టి భూమి కదలట్లేదన్నాడు. చూపులో తప్పులేదు, టెలిస్కోపే లేని కాలంలో అంత చిన్న గెంతు కంటికి ఎలా ఆనుద్ది. 1838లో బెస్సెల్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్త 61 సిగ్ని అనే నక్షత్రానికి ఆ గెంతు పట్టుకున్నాడు, అది మనకి 11 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరం. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది, దగ్గరిదే ఎక్కువ గెంతుద్ది.

ఇప్పుడు కథకి రండి. రామాయణం కావ్యంగా చదివితే లక్ష్మణుడంటే అన్న వెనకాలే అడవికి పోయిన తమ్ముడు, ఊర్మిళ ఊసే తక్కువ. అది ఒక కన్ను. మన ఆడవాళ్ళు పాడుకునే ఊర్మిళాదేవి నిద్ర పాట రెండోది. పద్నాలుగేళ్ళు పడుకున్న ఊర్మిళ, మొగుడొచ్చి పక్కన కూర్చుంటే గుర్తుపట్టక, ఎవరయ్యా నువ్వు, మా నాన్న జనకుడికి తెలిస్తే ఊరుకోడు అని గదమాయిస్తది. ముందు కాగితం మీద కదలనివి రాయండి: వనవాసం, పద్నాలుగేళ్ళు, తిరిగి రావడం. తర్వాత గెంతినవి. లక్ష్మణుడు ఎంత దూరం గెంతాడో చూడండి, అక్కడ ఆదర్శ సోదరుడు, ఇక్కడ పెళ్ళానికి ముక్కూమొహం తెలియని మనిషి. పాట కట్టినవాళ్ళకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఊర్మిళ పడుకున్న ఆ గది, అందుకే అంత గెంతు.

రెండు చూపులూ ఒకే చోటు నుంచి అయితే మాత్రం గెంతు ఉండదు. ఒకే సభలో కూర్చున్న ఇద్దరు పండితుల్ని అడిగి ఇద్దరూ ఒకటే చెప్పారు కాబట్టి అదే నిజం అనుకోవద్దు.

చుట్టాల తగాదాలకీ వాడొచ్చు, నేను వాడా. ఇద్దర్నీ విడివిడిగా అడగండి, ఒకరి మాట ఇంకొకరికి చెప్పకండి. నేను చెప్పేశా, ఇద్దరూ ఒకటైపోయి నన్ను తిట్టారు.