చేతులు వణికితే పార్కిన్సన్సేనా? ఎసెన్షియల్ ట్రెమర్‌ని ఎలా గుర్తుపట్టాలి, ఏం చేయాలి

చేతులు వణుకుతున్నాయనగానే ముందు గుర్తొచ్చేది పార్కిన్సన్సే, అక్కడే సగం ప్రాణం పోతుంది. ఆగండి, ముందు ఆ వణుకు ఎప్పుడొస్తోందో చూడండి. చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడా, లేక గ్లాసు ఎత్తేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు, గుండీ పెట్టుకునేటప్పుడా? పని చేస్తుంటే వచ్చి, చెయ్యి వాల్చగానే ఆగిపోతుంటే ఎసెన్షియల్ ట్రెమర్, అంటే వేరే జబ్బేదీ లేకుండా వణుకే సమస్యగా ఉండటం, అయ్యే ఛాన్స్ ఎక్కువ. పార్కిన్సన్స్‌లో మామూలుగా దీనికి రివర్స్, ఖాళీగా ఉన్న చెయ్యే వణుకుతుంది, అదీ ఒక పక్కే మొదలవుతుంది, నడక కదలిక అన్నీ నెమ్మదిస్తాయి. ఎసెన్షియల్ ట్రెమర్ రెండు చేతులకీ ఉంటుంది, కొందరికి తల, గొంతు కూడా వణుకుతాయి, చాలామంది ఇళ్లల్లో అమ్మకో నాన్నకో ముందే ఉంటుంది.

ఇంట్లోనే ఓ పని చేయండి. గీతల్లేని కాగితం తీసుకుని, మణికట్టు టేబుల్‌కి ఆనించకుండా, మధ్యలోంచి బయటికి చుట్టలు చుట్టలుగా ఒక స్పైరల్ గీయండి, కుడిచేత్తో ఒకటి ఎడమచేత్తో ఒకటి. గీత రంపం పళ్లలా వస్తే వణుకు కాగితం మీదే కనిపిస్తుంది. కింద ఒక వాక్యం కూడా రాయండి, పార్కిన్సన్స్‌లో అక్షరాలు పోనుపోనూ చిన్నవైపోతాయి, ఎసెన్షియల్ ట్రెమర్‌లో వంకరపోతాయి గానీ అలా చిన్నవి కావు. తేదీ వేసి దాచి డాక్టర్‌కి చూపించండి, ఎందుకంటే అక్కడికెళ్లాక ఒక్కోసారి చెయ్యి బుద్ధిగా కూర్చుంటుంది! అయితే ఇదొక క్లూ మాత్రమే, జబ్బేంటో తేల్చేది న్యూరాలజిస్టే.

ఆయన ఎలాగూ థైరాయిడ్ టెస్ట్ రాస్తారు, అది ఎక్కువైనా వణుకొస్తుంది. మీరు వాడే మందుల లిస్టు మొత్తం తీసుకెళ్లండి, ఆస్తమాకి వాడే సాల్బుటమాల్, ఫిట్స్‌కిచ్చే వాల్‌ప్రొయేట్, లిథియం ఇవన్నీ చేతులు వణికిస్తాయి. వయసు 40 లోపైతే విల్సన్స్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) ఉందేమో కూడా చూస్తారు. వణుకు ఉన్నట్టుండి మొదలై, దాంతోపాటు మాట ముద్దగా రావడమో ఒక పక్క పట్టు తప్పడమో ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక ట్రీట్‌మెంట్. వణుకు ఉన్నా పనులు సాగిపోతుంటే మందే అక్కర్లేదు, ఇది చాలామందికి చెప్పినా నమ్మరు. ఇబ్బంది పెడుతుంటే మొదట ఇచ్చేవి ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్. పూర్తిగా పోవడం అరుదు, తగ్గితే చాలావరకు సగానికి తగ్గుతుంది, దానికే ఎంతో హాయిగా ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ప్రొప్రనొలాల్ జోలికి పోకూడదు, నాడి మరీ నెమ్మదిగా ఉన్నవాళ్లకీ పనికిరాదు, షుగర్ ఉన్నవాళ్లకి లో షుగర్ లక్షణాలు బయటపడనివ్వదు, పైగా ఉన్నపళంగా ఆపేయకూడదు. ప్రిమిడోన్‌తో మొదటి రోజు కొందరికి తల తిరిగి వాంతికొచ్చినట్టుంటుంది, అందుకే చాలా చిన్న డోసుతో రాత్రిపూట మొదలుపెడతారు. తల, గొంతు వణుక్కి బోటాక్స్ ఇంజెక్షన్లున్నాయి. మందులకి లొంగకపోతే మెదడులో సన్నటి తీగ పెట్టే డీబీఎస్ ఆపరేషన్, లేదంటే కోత లేకుండా చేసే ఫోకస్డ్ అల్ట్రాసౌండ్, దీనికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది.

మద్యం పుచ్చుకుంటే వణుకు తగ్గుతుందనే మాట నిజమే, కాసేపే, దిగాక ఇంకా ఎక్కువవుతుంది, ఆ దారి వద్దు. కాఫీ తగ్గించండి, నిద్ర తగ్గనివ్వకండి. గ్లాసు సగమే నింపుకోండి లేదా స్ట్రా పెట్టుకోండి, బరువైన చెంచా, లావు పెన్ను వాడండి, తాగేటప్పుడు మోచేతులు టేబుల్‌కి ఆనించండి. ఎవరైనా చేతివైపే చూస్తుంటే “నాకు ఇలా వణుకుతుందిలే” అని ముందే అనేయండి, దాచాలని చూసేకొద్దీ ఇంకా వణుకుతుంది.