మాంసంపై ముద్ర వేసే ముందు ఏం చూడాలి

కర్నూలు, అనంతపురం, కడప మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగానే, 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం కబేళాలను మునిసిపాలిటీల అదుపులోకి తెచ్చింది. మాంసం తనిఖీని ఒక క్రమంలో పెట్టినవాళ్లలో ముఖ్యుడు జర్మనీ పశువైద్యుడు రాబర్ట్ ఫాన్ ఓస్టర్‌టాగ్. చూడాలి, నొక్కాలి, అవసరమైతేనే కోయాలి. నేటికీ వరుస అదే.

సగం పని జీవం నిలబడి ఉన్నప్పుడే అయిపోవాలి. 2001 కబేళా నిబంధనల ప్రకారం పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి చూడకూడదు. చూలువి, మూడు నెలలలోపు పిల్లలు పనికిరావు. తనిఖీ అయ్యాక 24 గంటల విశ్రాంతి ఇవ్వాలి. ఆదివారం అమ్మకానికని శనివారం రాత్రి లారీ దించి తెల్లారుజామునే కోస్తే, కండలో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజన్, దారిలోనే ఖర్చైపోయి ఉంటుంది. అందుకే కోశాక దాన్నుంచి ఆమ్లం పుట్టదు. పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 దగ్గరికి దిగాల్సింది 6 పైనే ఆగుతుంది. మాంసం నల్లబడి జిగటగా ఉంటుంది, మన ఎండలకు మధ్యాహ్నానికే వాసన పట్టవచ్చు.

ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న జీవాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కోయవద్దు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. గాలి తగిలితే ఆ సూక్ష్మజీవి బీజాలుగా మారి మట్టిలో ఏళ్లకేళ్లు బతుకుతుంది. పశువైద్యుడికి కబురు పెట్టండి.

కోశాక తల, గుండె, ఊపిరితిత్తులు, కార్జం, మూత్రపిండాలను అదే నంబరుతో కళేబరం పక్కనే ఉంచాలి. కార్జం ముందే అమ్ముడుపోతే మాంసంపై వేసే తనిఖీ ముద్రకు విలువ లేదు. కార్జాన్ని వేళ్లతో నొక్కి, పిత్తనాళాలకు అడ్డంగా గాటు పెట్టండి. గోడలు మందంగా ఉండి ఆకులాంటి పురుగులు బయటికొస్తే అది కార్జపు జలగ. ఊపిరితిత్తుల్లో, కార్జంలో గట్టి గోడతో నీటి తిత్తులుంటే అవి హైడాటిడ్, అంటే ఒక బద్దెపురుగు పిల్లదశ తిత్తులు. వాటిని పొడవద్దు.

ఆ తిత్తిని కుక్క తింటే దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. గుడ్లు కుక్క మలంతో పచ్చికలోకి, మన చేతులకీ చేరతాయి. తిత్తి తిన్నందువల్ల మనిషికి ఈ జబ్బు రాదు, గుడ్లవల్లే వస్తుంది. అందుకే పనికిరాని ముక్కను దుకాణం ముందు కుక్కలకు విసరడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. తాళమున్న డబ్బాలో వేసి, కాల్చాలి లేదా కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చాలి.

జబ్బు ఒక అవయవానికే పరిమితమైతే దాన్నే తీసేస్తారు. ఒళ్లంతా నీరు పట్టినా, కొవ్వు పచ్చబడి 24 గంటలైనా ఆ రంగు పోకపోయినా మొత్తం కళేబరం పారేయాల్సిందే.

కత్తులు రెండు ఉండాలి. చీము తగిలినదాన్ని 82 డిగ్రీల నీళ్లలో ముంచి, రెండోదానితో పని సాగించాలి.