పద్దెనిమిది నిండిన వేసవి: క్రైస్తవ సంఘంలో పెరిగిన అబ్బాయి తన కాళ్ల మీద నిలబడాలంటే

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. జూన్‌లో కాలేజీలు తెరిచేదాకా చేతిలో రెండు నెలలున్నాయి. సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెబుతూ పెరిగిన అబ్బాయికి సరిగ్గా ఈ రెండు నెలల్లోనే చిక్కులన్నీ ఒకేసారి ఎదురవుతాయి. అయ్యగారి (పాస్టరు) అబ్బాయిగానో ఫలానా ఇంటి విశ్వాసిగానో కాక తనకంటూ ఒక గుర్తింపు కావాలనిపిస్తుంది. ఏం చదవాలి, ఎక్కడ ఉండాలి, ఏ సంఘానికి వెళ్లాలి అన్నీ తానే తేల్చుకోవాలనుకుంటాడు. అది తప్పేమీ కాదు. చాలామంది తప్పేది వరుసలో. జేబులో రూపాయి లేకుండా, ఆధార్‌లో పేరు సరిగ్గా లేకుండా ముందు ఇంట్లో గొడవ పెట్టుకుంటారు. వారం తిరగ్గానే మళ్లీ నాన్న దగ్గర బస్సు చార్జీలకు చేయి చాస్తారు, అంతటితో మాట తేలిపోతుంది. కాబట్టి ముందు కాగితాలు చూసుకోండి, తర్వాత సంపాదన. ఇంట్లో మాట్లాడటం ఆ రెండూ అయ్యాకే.

కాగితాలు

మన ఇళ్లలో ఒక్కో మనిషికి రెండు మూడు పేర్లుంటాయి. బడిలో సురేష్, సంఘంలో స్టీవెన్, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి ఇంకోలా. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే మూలమని గుర్తుపెట్టుకోండి. అందులో మార్పు చేయించడం కష్టం కనుక ఆధార్, పాన్, బ్యాంకు, ఓటరు కార్డు అన్నీ దాన్నిబట్టే ఉండాలి, ఇంటిపేరు ముందో వెనకో అన్నదానితో సహా. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. బాప్తిస్మపు పేరు మీద మమకారంతో ఒక అవకాశం వాడేసుకుని, పాస్‌పోర్టు దగ్గర ఇరుక్కునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఆ పేరు సంఘంలో పిలుపుగా ఉండనివ్వండి. అధికారికంగా అదే కావాలనుకుంటే గెజిట్ ద్వారా మార్పించుకుని, ఆ తర్వాత అన్ని కాగితాలూ వరుసగా సరిచేసుకోవాలి.

ఆధార్‌కు మీ సొంత ఫోన్ నంబరు కలిపి ఉందా చూడండి. నాన్న నంబరుంటే ప్రతి ఓటీపీకీ ఆయన్ని అడగాల్సిందే. నంబరు మార్పు ఆధార్ కేంద్రంలో చేయించుకోవచ్చు. అది అయ్యాక ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఇన్‌స్టంట్ ఈ-పాన్ ఉచితంగా వస్తుంది, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. చిన్నప్పుడు తీసిన మైనర్ ఖాతా ఉంటే 18 నిండాక బ్యాంకుకు వెళ్లి కొత్త సంతకం, కేవైసీ ఇవ్వాలి. ఇవ్వకపోతే జీతం పడ్డాక డబ్బు తీసుకోలేక ఆగిపోతారు. ఓటు కోసం ఫారం 6 పెట్టండి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీల్లో ఏనాటికి 18 నిండితే ఆ లెక్కన నమోదు చేస్తారు. గేరు బండికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఏప్రిల్‌లోనే తీసుకుంటే 30 రోజుల తర్వాత డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది.

ఇక అసలు ముడి కుల ధ్రువపత్రం. ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పరు, సంఘంలో ఎవరూ పైకి మాట్లాడరు. చట్టం ఇదీ: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి సంతానం బీసీ-సీ కిందికి వస్తారు. దీనికి 1 శాతం రిజర్వేషన్. ఎస్టీ హోదాకు మతంతో సంబంధం లేదు. ఓసీ కుటుంబాల నుంచి వచ్చినవారికి ఆదాయ పరిమితి సరిపోతే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడినవారి) కోటా వర్తిస్తుంది.

ఇన్నాళ్లూ దరఖాస్తుల్లో మతం, కులం గళ్లు అమ్మానాన్నలు నింపారు. ఇకమీదట కింద సంతకం మీది, జవాబుదారీ మీది. ఇంట్లో ఒకరికి ఒక రకం, ఇంకొకరికి ఇంకో రకం సర్టిఫికెట్లు ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. ఉద్యోగం వచ్చాక జరిగే విచారణలో అవే బయటపడతాయి. నాన్నను కూర్చోబెట్టి, నిందించకుండా, ఇంట్లో ఉన్న సర్టిఫికెట్లన్నీ ఒకసారి బయటికి తీయించండి. మీ పరిస్థితికి ఏది నిజమో తేల్చుకోవడానికి ఒక లాయరును అడగండి. ఈ ఒక్క విషయంలో సంఘ పెద్దల సలహా చాలదు. దరఖాస్తు మీసేవలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలోనో పెట్టాలి. పదో తరగతి మెమో, ఆధార్, నాన్నదో తోబుట్టువులదో పాత సర్టిఫికెట్ ఉంటే దాని నకలు జతచేయాలి. ఏప్రిల్‌లో పెడితే విచారణకు వ్యవధి ఉంటుంది, కౌన్సెలింగ్ మొదలయ్యాక పెడితే తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఎండలో తిరగడమే.

డబ్బు, పని

ఇల్లు వదిలి హైదరాబాదో విజయవాడో వెళ్లడమే స్వతంత్రం అనుకునేవాళ్లు ఒక్కసారి కాగితం మీద లెక్క వేసుకోవాలి. నెలకు 12,000 చేతికొస్తుందనుకోండి. హాస్టల్‌కు భోజనంతో 6,000, బస్సుకు 1,200, ఫోన్‌కు 300, దశమభాగం (సంఘానికిచ్చే పదో వంతు) 1,200, సబ్బులు, టిఫిన్లు, మందులకు 1,800. మిగిలేది 1,500. రెండు నెలలకు 3,000. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో మెయింటెనెన్స్ పేరిట కొంత కోస్తారు, అదీ తీసేయండి. పైగా జీతం నెల పనిచేశాకే వస్తుంది కాబట్టి హాస్టల్ అద్దె, అడ్వాన్సు, మొదటి నెల ఖర్చులు కలిపి పదీ పదకొండు వేలు ముందే చేతిలో ఉండాలి. అదే మీ ఊళ్లోనో పక్క పట్నంలోనో 8,000కు చేరినా, 800 దశమభాగం, 1,200 బస్సూ ఫోనూ, ఇంకో 1,000 చిల్లర ఖర్చులు పోను 5,000 మిగులుతుంది. రెండు నెలలకు పదివేలు. మొదటి వేసవికి ఇదే మంచిదని మా అభిప్రాయం. నగరం ఎక్కడికీ పోదు.

పనిలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి జిరాక్స్ ఇవ్వండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అడిగిన చోట నుంచి లేచి వచ్చేయండి. జీతమెంత, వారాంతపు సెలవు ఏ రోజు, మానేస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్న మూడూ వాట్సాప్‌లో రాయించుకోండి. బట్టల షాపుల్లో, మాల్స్‌లో ఆదివారమే గిరాకీ కాబట్టి సెలవు ఇవ్వరు. చేరిన పదో రోజున అడిగితే గొడవ, చేరేముందు అడిగితే బేరం. ఆదివారం మధ్యాహ్నం నుంచి వస్తానని, పండగ రోజుల్లో పూర్తిగా చేస్తానని చెబితే ఒప్పుకునే యజమానులు ఉంటారు. ఒప్పుకోకపోతే తెల్లవారుజామున ఆరింటికి మొదటి ఆరాధన జరిగే సంఘాలు పట్నాల్లో చాలానే ఉన్నాయి.

ప్రథమ ఫలం సంగతి జీతం రాకముందే తేల్చుకోవాలి. మొదటి జీతం మొత్తం కానుక పెట్టెలో వేయడం చాలా సంఘాల్లో ఆనవాయితీ. రెండు నెలల పనికి అలా ఇస్తే సగం సంపాదన పోతుంది, జూన్‌లో కాలేజీ ఫీజుకు మళ్లీ నాన్నే గతి. వేసవి పనికి దశమభాగం ఇచ్చి, స్థిరమైన ఉద్యోగం వచ్చినప్పుడు ప్రథమ ఫలం ఇస్తానని అమ్మతో ముందే చెప్పండి. ఇచ్చేది ఎంతైనా అది మీరు నిర్ణయించి ఇచ్చినదై ఉండాలి. ఎవరో మైకులో పేరు చదువుతారని ఇవ్వకండి.

కీబోర్డు, సౌండ్ మిక్సింగ్, లైవ్ స్ట్రీమింగ్ నేర్చుకున్న కుర్రాళ్లకు మే నెల పెళ్లిళ్లలో పని దొరుకుతుంది. సొంత సంఘంలో సేవ ఉచితం, బయట పెళ్లికి రేటు. ఈ గీత మొదటి రోజే గీయాలి. ఎన్ని గంటలు, రానుపోను చార్జీలు ఎవరివి, భోజనం ఉందా అడిగి, సగం అడ్వాన్సు తీసుకోండి. ‘మన అయ్యగారి బంధువులే కదా’ అని మొహమాటపడితే రాత్రి పదకొండింటికి శాలువా కప్పి పంపిస్తారు. వీబీఎస్‌కు (పిల్లల వేసవి బైబిల్ బడికి) ఒక సంఘంలోనే మాట ఇవ్వండి. మూడు చోట్ల ఒప్పుకుంటే పనీ పోతుంది, పిల్లల దగ్గర పేరూ పోతుంది.

ఎండ గురించి ఒక్క మాట. డెలివరీ, క్యాటరింగ్, షామియానా పనులు చేసేవాళ్లు నీళ్లు కూడా తాగని ఉపవాసాన్ని పని లేని రోజుకు పెట్టుకోవాలి. 44 డిగ్రీల్లో బండి మీద అది ప్రమాదం. లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతోనే కొలిచి కలిపి సీసాలో పెట్టుకోండి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా చెడు ఎక్కువ.

ఇంట్లో మాట

కడుపులో ఉండగానో, జబ్బు చేసినప్పుడో ‘వీణ్ణి సేవకు ఇస్తాను ప్రభువా’ అని అమ్మ మొక్కుకుని ఉంటుంది. హన్నా సమూయేలును ఇచ్చినట్టు అన్నమాట. ఇంటర్ అవగానే బైబిల్ కాలేజీ మాట లేస్తుంది. దీన్ని ఎదిరించడం వల్ల ఏమీ రాదు. ఒక వాస్తవం మీకు అనుకూలంగా ఉంది. సేరంపూర్ యూనివర్సిటీ అనుబంధ వేదాంత కళాశాలల్లో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) సాధారణంగా డిగ్రీ తర్వాతి చదువు. కాబట్టి డిగ్రీ పూర్తి చేయడం మొక్కుకు అడ్డు కాదు, అటు వెళ్లినా అది మెట్టే. అప్పటికి సేవకు పిలుపు మీకు ఉందో లేదో మీకే తెలుస్తుంది.

ముందు అమ్మతో మాట్లాడండి, మొక్కు ఆమెది కనుక. తర్వాత నాన్న, చివర అయ్యగారు. ఆదివారం మధ్యాహ్నం, కుటుంబ ప్రార్థన సమయం రెండూ వద్దు. ఆ వేళల్లో మీ మాటకు వాక్యంతో జవాబు వస్తుంది, సంభాషణ జరగదు. ఆమె పనిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని ఇలా చెప్పొచ్చు: ‘అమ్మా, నువ్వు చేసిన సమర్పణను నేను కాదనట్లేదు. మూడేళ్లు డిగ్రీ చదవనివ్వు. ఈలోగా ఆదివారం బడి పిల్లల్ని నేనే చూసుకుంటా. డిగ్రీ అయ్యాక నేనే వచ్చి చెబుతా.’ ఆ చివరి మాటతో గడువు కూడా మీరే పెట్టుకున్నారు. అందుకే నిలబెట్టుకోవాలి.

విశ్వాసం గురించి సందేహాలుంటే ఈ మాటల్లో కలపొద్దు. చదువు గొడవలో కోపంగా ‘నాకు నమ్మకం లేదు’ అని ఒక్కసారి అన్నారా, బుధవారం స్త్రీల కూడికలో అది ప్రార్థన అంశమైపోతుంది, గురువారానికి ఊరంతా తెలుస్తుంది. వాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు, అలవాటు అంతే. సందేహాన్ని ఒక్కరికే చెప్పండి. చెప్పేముందే ‘అన్నా, ఇది మన మధ్యే ఉండాలి, ప్రార్థన అంశంగా కూడా పెట్టొద్దు’ అని మాట తీసుకోండి. మే నెలకు 31 రోజులు, సామెతలు 31 అధ్యాయాలు. రోజుకొకటి, ప్రసంగం వినకుండా, యూట్యూబ్ వివరణ చూడకుండా ఒంటరిగా చదివి, ఒప్పుకోలేని వచనం పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. నెలాఖరుకు ఆ గీతలన్నీ కలిపి చూస్తే మీ ప్రశ్నలేమిటో తేటగా కనిపిస్తాయి.

సంఘం మార్చాలనుకుంటే

కొత్త ఊళ్లో మొదటి ఆదివారమే సభ్యత్వం తీసుకోకండి. నాలుగు వారాలు వెనక బెంచీలో కూర్చుని చూడండి. కానుకలు ఒకరే లెక్కపెడుతున్నారా, సంవత్సరానికోసారైనా లెక్కలు చదువుతున్నారా, బల్లారాధనకు (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనకు) ఎవరిని రానిస్తున్నారు? ‘నీ ఉద్యోగం మానేయమని ప్రభువు చెప్పాడు’ అనే ప్రవచనాలు, ఇంటివాళ్లతో మాట్లాడొద్దనే ఆంక్షలు ఉన్నచోట రెండో వారం వెళ్లక్కర్లేదు. విదేశాల నుంచి సేవకు వచ్చే డబ్బు మీ ఖాతాలో వేయించుకోమని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేకుండా అది నేరమవుతుంది. కమీషన్ ఇస్తాం, ఖాతా వాడుకోనివ్వమనేవాళ్లు సైబర్ మోసగాళ్లు. ఖాతా ఇచ్చేసి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ ఇళ్లలో పసితనంలోనే బాప్తిస్మం ఇస్తారు, ఎదిగాక ఆ విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకునే కన్ఫర్మేషన్ ఉంటుంది. బాప్టిస్టులు, సహవాసాలవాళ్లు ఊహ తెలిశాక ముంచే బాప్తిస్మమే ఇస్తారు. స్నేహితుల వెంట వెళ్లి రెండోసారి ముంచుడు బాప్తిస్మం తీసుకుంటే మీకు అది ఆనందం, మీ ఇంటికి మాత్రం మాతృసంఘాన్ని తెంచుకున్నట్టే. తర్వాత సంఘంలో చదివే పెళ్లి ప్రకటనల దగ్గరా, సమాధుల తోట దగ్గరా పేచీ వస్తుంది. తీసుకోవాలనే అనుకుంటే ముందు పాత సంఘం అయ్యగారికి వందనాలు చెప్పి ఎదురుగా విషయం చెప్పండి, ఆయన ఒప్పుకోకపోయినా సరే. వేరేవాళ్ల నోట వింటే అది దొంగతనంగా చేసినట్టు ఉంటుంది.

డెల్టాలో ఏప్రిల్ మధ్యనుంచి కాలువలు కట్టేస్తారు కాబట్టి వేసవిలో బాప్తిస్మం సంఘం తొట్టిలోనే. తేదీ పెట్టేముందు నీళ్ల సంగతి కనుక్కోండి. తొందరలేకపోతే కాలువలకు నీళ్లు వదిలేదాకా ఆగితే సిద్ధపాటు తరగతులూ పూర్తవుతాయి. రిజిస్టర్‌లో రాసేటప్పుడు పదో తరగతి మెమో పక్కన పెట్టి, అందులో ఉన్న పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా రాయించండి. బాప్తిస్మపు పేరు వేరే ఉంటే దాన్ని ‘ఉరఫ్’ అని కింద చేర్చమనండి. సంఘ ముద్ర, అయ్యగారి సంతకంతో సర్టిఫికెట్ ఆ వారంలోనే తీసుకోండి. ఆయనకు బదిలీ అయితే పాత రిజిస్టర్ ఏ బీరువాలో ఉందో చెప్పేవాళ్లు దొరకరు.